పెస్టమ్‌లో మూడు గుళ్ళు: ఎవరి మాట నమ్మాలి?

(గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

సభకు నమస్కారం.

ఆహ్వాన పత్రికలో ‘గ్రీకు నగరం’ అని వేశారు కాబట్టి ఏథెన్స్ గురించి వినొచ్చని కొందరు వచ్చి ఉంటారు. వాళ్ళు నన్ను క్షమించాలి. ఏథెన్స్ గురించి ఆ ఊరివాళ్ళే బోలెడు రాసిపెట్టుకున్నారు. ఇవాళ నేను చెప్పబోయే ఊరికి ఆ అదృష్టం లేదు. అక్కడ మూడు పెద్ద గుళ్ళు ఇరవై నాలుగు, ఇరవై అయిదు శతాబ్దాలుగా నిలబడే ఉన్నాయి. కానీ ఆ గుళ్ళు ఎవరు కట్టించారో, ఏ దేవుడికి కట్టించారో చెప్పే పాత పుస్తకం ఒక్కటి కూడా మన చేతికి రాలేదు. మరి ఈ రోజు మనం పుస్తకాల్లో చదివేదంతా ఎక్కడి నుంచి వచ్చింది? నా ప్రసంగం అంతా ఆ ప్రశ్న గురించే.

ఊరు గ్రీసులో లేదు, ఇటలీలో ఉంది. సాలెర్నోకు దక్షిణంగా, సముద్రానికి దగ్గరగా ఉన్న మైదానంలో. గ్రీకులు ఈ ఊరికి పొసైడోనియా అని పేరు పెట్టుకున్నారు. క్రీ.పూ. 273లో రోమన్లు తమ కాలనీ చేసుకున్నాక పెస్టమ్ అయింది. ఇప్పుడూ ఆ పేరే. ఊరి చుట్టూ దాదాపు 5 కిలోమీటర్ల పొడవున కోటగోడ ఉంది. లోపల దక్షిణం వైపు పక్కపక్కనే రెండు గుళ్ళు, ఉత్తరం వైపు కాస్త ఎత్తు మీద ఒకటి. దక్షిణపు గుళ్ళలో పాతది సుమారు క్రీ.పూ. 550 నాటిది, దాని పక్కది సుమారు 460 నాటిది. ఉత్తరపు గుడి ఈ రెండింటికీ మధ్యకాలం, సుమారు 500. ఈ ‘సుమారు’లు గుర్తుపెట్టుకోండి. ఏ గుడి మీదా శంకుస్థాపన శిలాఫలకం లేదు. (నవ్వులు)

ముందు గ్రంథాల సంగతి చూద్దాం. ఎక్కువసేపు పట్టదు, ఉన్నదే తక్కువ.

స్ట్రాబో అనే భూగోళ రచయిత, అగస్టస్ చక్రవర్తి కాలంవాడు, ఈ ఊరి గురించి నాలుగు ముక్కలు చెప్పాడు. దక్షిణ ఇటలీలోనే ఉన్న సిబారిస్ అనే గ్రీకు నగరంవాళ్ళు సముద్రం పక్కన కోటగోడ కట్టారు, తరవాత వచ్చి స్థిరపడినవాళ్ళు కాస్త లోపలికి జరిగారు, ఆ పైన లుకానియన్లు అనే స్థానిక ఇటలీ తెగవాళ్ళు ఊరిని పట్టుకున్నారు, వాళ్ళ దగ్గర నుంచి రోమన్లు. పక్కనున్న నది పొంగి చిత్తడి అయిపోవడం వల్ల ఊరు ఆరోగ్యానికి మంచిది కాదు అని కూడా అన్నాడు. అంతే. ఊళ్ళో ఉన్న మూడు మహా దేవాలయాల గురించి ఒక్క మాట లేదు. ఆయన ఆ ఊరు వెళ్ళాడా లేదా అన్నది పక్కన పెట్టండి, ఆయనకు కావలసింది దారులు, దూరాలు, ఎవరి తరవాత ఎవరు ఏలారు అన్నది. గుళ్ళు ఆయన లెక్కలోకి రాలేదు. ఒక రచయిత ఒక సంగతి చెప్పలేదంటే అది లేదని కాదు.

రోమన్ చరిత్రకారుడు లివీ మరో ముక్క ఇస్తాడు. కార్తేజ్ సేనాని హానిబల్‌తో యుద్ధం జోరుగా జరుగుతున్న క్రీ.పూ. 216లో పెస్టమ్ దూతలు బంగారు పాత్రలు పట్టుకుని రోముకు వెళ్ళారట. రోమన్లు ధన్యవాదాలు చెప్పి బంగారం మాత్రం తీసుకోలేదట. ఊరు రోముకు విధేయంగా ఉందని చెప్పడానికి ఆయనకు ఈ సంఘటన పనికొచ్చింది. రోమన్ కవి వర్జిల్ అయితే ఏడాదికి రెండుసార్లు పూసే పెస్టమ్ గులాబీల గురించి రాశాడు. అంటే రోమన్ పాఠకుడికి పెస్టమ్ అనగానే గుర్తొచ్చేది గులాబీలు!

కానీ వీటన్నిటికంటే ఎక్కువమంది ఎత్తి చెప్పే వాక్యం ఇంకొకటి ఉంది. దాని దగ్గర కాసేపు ఆగుదాం. ఎందుకంటే ఆధారాన్ని ఎలా చదవాలో నేను విద్యార్థులకు చెప్పాల్సి వస్తే దీన్నే ముందు పెడతాను.

క్రీ.పూ. నాలుగో శతాబ్దంలో టారెంటమ్‌కు చెందిన అరిస్టోక్సెనస్ అనే సంగీత శాస్త్రవేత్త ఉండేవాడు. ఆయన మాటను అయిదారు వందల ఏళ్ళ తరవాత ఎథినేయస్ అనే సంకలనకర్త తన పుస్తకంలో ఉటంకించాడు. ఆ మాట సారాంశం ఇది. పొసైడోనియావాళ్ళు ఒకప్పుడు గ్రీకులు. పరాయివాళ్ళలో కలిసిపోయి భాష మారిపోయింది, ఆచారాలు మారిపోయాయి. ఇప్పటికీ ఒక్క గ్రీకు పండగ మాత్రం చేసుకుంటారు. ఆ రోజున అందరూ ఒకచోట చేరి, పాత మాటలనూ పాత పద్ధతులనూ తలుచుకుని, ఒకరి ముందు ఒకరు ఏడ్చి, ఇళ్ళకు వెళ్ళిపోతారు.

ఎవరికైనా గుండె పట్టేసే మాట. ఇతర దేశాల్లో పిల్లలను పెంచుతున్న తెలుగువాళ్ళు వింటే మరీనూ. కానీ చరిత్ర చదివేవాడు వెంటనే కళ్ళు తుడుచుకుని ఇంకో ప్రశ్న అడగాలి. ఆయన ఈ మాట ఎందుకు చెప్పాడు? ఎథినేయస్ ఇచ్చిన సందర్భం చూస్తే తెలుస్తుంది. అరిస్టోక్సెనస్ మాట్లాడుతున్నది సంగీతం గురించి. నాటకశాలల్లో సంగీతం భ్రష్టుపట్టిపోయింది, మనలాంటి కొద్దిమందిమి మాత్రం కూర్చుని పాత సంగీతాన్ని తలుచుకుంటున్నాం, ఆ పొసైడోనియావాళ్ళలాగా, అని ఆయన బాధ. ఊరి పరిస్థితి చెప్పడం ఆయన ఉద్దేశం కాదు. తన బాధకు ఒక ఉపమానం కావాల్సి వచ్చింది, ఊరు దొరికింది.

మట్టిలో దొరికినవి చూస్తే కథ ఇంత సూటిగా లేదు. క్రీ.పూ. 400 ప్రాంతంలో లుకానియన్లు ఊరిని పట్టుకున్న మాట నిజమే. కానీ ఆ తరవాత శతాబ్దంలోనే ఆస్టియాస్, పైథాన్ అనే కుండల చిత్రకారులు ఇదే ఊళ్ళో పనిచేస్తూ, తమ పేర్లు గ్రీకులో రాసుకున్నారు. కుండల మీద గ్రీకు నాటకాల దృశ్యాలు వేశారు. గుళ్ళు మూతపడలేదు, మొక్కుబడులు ఆగలేదు. ఊరి సభాస్థలంలో ఒక రాయి దొరికింది. స్టాటిస్ అనే ఆయన జూపిటర్‌కు సమర్పించుకున్నట్టు దాని మీద ఉంది. భాష ఆస్కన్, అంటే లుకానియన్ల భాష. లిపి మాత్రం గ్రీకు. ఏడుస్తూ కూర్చున్న ఊరు కాదిది, రెండు భాషల్లో వ్యవహారం నడుపుకున్న ఊరు. అరిస్టోక్సెనస్ అబద్ధమాడాడని నేను అనను. ఆ పండగ నిజంగానే జరిగి ఉండొచ్చు. కానీ ఆ ఒక్క వాక్యం మీద ఊరి చరిత్ర మొత్తం కట్టేస్తే ఇబ్బంది.

సరే, గుళ్ళ దగ్గరికి వద్దాం. స్లైడ్ వెయ్యండి.

18వ శతాబ్దం మధ్యలో యూరప్ పండితులకు ఈ గుళ్ళ గురించి బాగా తెలిసింది. ‘కనుగొన్నారు’ అని పుస్తకాల్లో రాస్తారు, ఆ మాట నాకు నచ్చదు. అక్కడ గేదెలు మేపుకునేవాళ్ళకు ఆ గుళ్ళు రోజూ కనిపిస్తూనే ఉన్నాయి. సూఫ్లో అనే ఫ్రెంచి ఆర్కిటెక్ట్ 1750లో వచ్చి కొలతలు తీసుకున్నాడు. ప్రాచీన కళల చరిత్ర రాసిన జర్మన్ పండితుడు వింకెల్‌మాన్ 1758లో వచ్చాడు. లండన్‌లో థామస్ మేజర్ 1768లో ఈ శిథిలాల మీద పెద్ద బొమ్మల పుస్తకం వేశాడు. 1778లో ఇటాలియన్ చిత్రకారుడు పిరనేసి ఎన్‌గ్రేవింగ్‌లు, అంటే రాగిరేకు మీద చెక్కి అచ్చువేసిన బొమ్మలు, వచ్చాయి. అదే ఏడాది ఆయన చనిపోయాడు, కొడుకు ఫ్రాంచెస్కో ఆ పని పూర్తిచేశాడు. ఆ బొమ్మల కోసం వేసుకున్న డ్రాయింగ్‌లు పదిహేను లండన్‌లోని సోన్ మ్యూజియంలో ఉన్నాయి.

గుళ్ళకు పేర్లు పెట్టింది ఈ కాలంలోనే. పెట్టిన పద్ధతి చూడండి. ఊరి పేరు పొసైడోనియా, అంటే గ్రీకుల సముద్రదేవుడు పొసైడన్ ఊరు. కాబట్టి అన్నిటికంటే పెద్దగా, చక్కగా ఉన్న గుడి పొసైడన్‌దే అయి ఉండాలి. పొసైడన్‌ను రోమన్లు నెప్ట్యూన్ అంటారు, అలా అది ‘నెప్ట్యూన్ గుడి’ అయింది. ఉత్తరపు గుడి రోమన్ల ధాన్యదేవత పేరు మీద ‘సెరీస్ గుడి’ అయింది. మూడోదానికి ముందువైపు తొమ్మిది స్తంభాలు, పక్కవైపు పద్దెనిమిది. తొమ్మిదంటే బేసి. సరిగ్గా మధ్యలో ఒక స్తంభం అడ్డంగా నిలబడుతుంది. గర్భగుడి నట్టనడుమ కూడా స్తంభాల వరస. మన వాస్తు పండితులు చూస్తే ఊరుకోరు. (నవ్వులు) పైన ఉండాల్సిన త్రికోణపు ముఖభాగం కూడా మిగల్లేదు. ఇలాంటిది గుడి ఎలా అవుతుంది, ఏదో సభామంటపం అయి ఉంటుందని ‘బసిలికా’ అన్నారు.

మూడు పేర్లూ తప్పే, లేదా కనీసం ఆధారం లేనివి. అయినా ఇవాళ్టికీ గైడ్ పుస్తకాల్లో, బోర్డుల మీద ఆ పేర్లు కనిపిస్తాయి. కొత్త పుస్తకాలు బసిలికాను హీరా ఒకటో గుడి, నెప్ట్యూన్ గుడిని హీరా రెండో గుడి, సెరీస్ గుడిని ఎథీనా గుడి అని రాసి, పాత పేర్లు పక్కన పెడతాయి. హీరా గ్రీకు దేవతల రాణి, ఎథీనా యుద్ధానికీ విద్యకూ దేవత. మీరు చదివేటప్పుడు తికమకపడొద్దు, ఆరు పేర్లు కనిపించినా గుళ్ళు మూడే.

ఈ బొమ్మలు చరిత్రకు ఆధారాలేనా అంటే, ఆధారాలే. కానీ గీసినవాడి కన్ను కూడా అందులో ఉంటుంది. రోమన్ కట్టడాల సన్నని, పొడుగు స్తంభాలకు అలవాటుపడ్డవాళ్ళకు ఇక్కడి పొట్టి, లావు, మధ్యలో ఉబ్బిన స్తంభాలు మింగుడుపడలేదు. జర్మన్ కవి గెటే 1787 మార్చిలో వచ్చి, మొదట చూడగానే ఈ స్తంభాలు బరువుగా, ఒకరకంగా భయంకరంగా అనిపించాయని, గంటలోపే మనసు కుదుటపడిందని రాశాడు. అయితే ఆ యాత్రా గ్రంథం అచ్చయింది దాదాపు ముప్ఫై ఏళ్ళ తరవాత. ఆ గంటలోపు మార్పులో ముప్ఫై ఏళ్ళ మార్పు ఎంత కలిసిందో మనమే ఊహించుకోవాలి. పావోలి అనే ఇటాలియన్ పండితుడు 1784లో ఇంకో అడుగు ముందుకేసి, ఇవి అసలు గ్రీకు గుళ్ళే కావు, రోమన్లకు ముందు మధ్య ఇటలీలో వెలిగిన ఎట్రస్కన్ల కట్టడాలు అని వాదించాడు.

ఆ తరవాత వచ్చాడు లబ్రూస్త్. నాకు ఈయనంటే ప్రత్యేకమైన ఇష్టం. రోములో ఫ్రెంచి ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద ఉన్న యువ ఆర్కిటెక్ట్. 1828లో పెస్టమ్ గుళ్ళ కొలతలు తీసి, బొమ్మలు వేసి, వివరణ రాసి పారిస్ అకాడమీకి పంపాడు. పెద్దలకు కోపమొచ్చింది. గ్రీకు ఆలయం అంటే దేశకాలాలతో పనిలేని ఒక ఆదర్శ నమూనా అని వాళ్ళ నమ్మకం. ఈ కుర్రాడేమో, కొత్త దేశానికి వచ్చిన జనం అక్కడి రాయిని బట్టి, అక్కడి అవసరాన్ని బట్టి కట్టడాన్ని మార్చుకుంటారని అన్నాడు. రోములో సంస్థ డైరెక్టర్‌గా ఉన్న చిత్రకారుడు ఒరాస్ వెర్నే కుర్రాడి పక్షాన నిలబడి రాజీనామా దాకా వెళ్ళాడు. ఆ డ్రాయింగ్‌లు పుస్తకంగా వచ్చింది 1877లో, లబ్రూస్త్ పోయాక.

తమాషా ఏమిటంటే, లబ్రూస్త్ వేసిన కాలక్రమం తలకిందులు. నెప్ట్యూన్ గుడి గ్రీసు పద్ధతికి దగ్గరగా ఉంది కాబట్టి అదే మొదటిదని, మిగతావి తరవాతవని అనుకున్నాడు. నిజానికి అదే చివరిది. బసిలికా కూడా గుడి కాదనే అనుకున్నాడు. సిద్ధాంతం పోయింది. కొలతలు, బొమ్మలు మాత్రం పోలేదు, ఇవాళ్టికీ ఆర్కిటెక్చర్ చరిత్రలో వాటిని బయటికి తీసి చూస్తారు. అకాడమీ పెద్దల వాదన ఎవరికి గుర్తుంది?

కాలక్రమాన్ని దారిలో పెట్టింది జర్మన్లు. తరవాతి రోజుల్లో బాబిలోన్ తవ్వి పేరు తెచ్చుకున్న కోల్డెవై, పుక్‌స్టైన్‌తో కలిసి దక్షిణ ఇటలీ, సిసిలీ గ్రీకు ఆలయాలన్నిటి మీదా 1899లో ఒక పెద్ద గ్రంథం వేశాడు. 20వ శతాబ్దంలో ఎథీనా గుడి మీద క్రౌస్, పాత హీరా గుడి మీద మెర్టెన్స్ రాయి రాయి లెక్కన పనిచేశారు. వీళ్ళు చూసేది ఎలాంటివంటే, స్తంభం తల ఎంత చదునుగా ఉంది, స్తంభం మీద నిలువు గాడులు ఎన్ని. డోరిక్ అనే సాదా గ్రీకు పద్ధతి స్తంభానికి మామూలుగా ఇరవై గాడులుంటాయి, హీరా రెండో గుడి బయటి స్తంభాలకు ఇరవై నాలుగు. ఎథీనా గుడికి బయట డోరిక్ స్తంభాలు, లోపలి మంటపంలో అయోనిక్ స్తంభాలు, అంటే సన్నగా, తల దగ్గర చుట్టలు తిరిగినవి. చదవడానికి మహా బోరు, ఒప్పుకుంటాను. కానీ ఎవరు ముందు ఎవరు వెనుక అన్నది తేలింది ఆ బోరులోనే.

దేవుళ్ళ పేర్లు మాత్రం రాళ్ళు చెప్పలేదు. మట్టి చెప్పింది. దక్షిణపు గుళ్ళ చుట్టూ తవ్వితే భక్తులు మొక్కు తీర్చుకున్న కాల్చిన మట్టి బొమ్మలు కుప్పలు కుప్పలుగా బయటపడ్డాయి. ఆసనం మీద కూర్చున్న దేవత, హీరా. ఉత్తరాన ఆయుధాలు పట్టిన ఎథీనా బొమ్మలు. పైసా ఖర్చుకు కొన్న బొమ్మలు ఒక శతాబ్దంన్నర పండితుల ఊహలను పక్కకు నెట్టేశాయి. అయినా రెండో గుడి విషయంలో ఇంకా వాదన ఉంది. అది హీరా భర్త జ్యూస్‌దో, అపోలో అనే దేవుడిదో కావచ్చు అనేవాళ్ళు ఉన్నారు. ఆవరణ మొత్తం హీరాదైనా లోపలి ఒక గుడి ఇంకొకరిది కాకూడదా అని వాళ్ళ ప్రశ్న. నాకైతే హీరా వైపే మొగ్గు, కానీ పందెం కట్టను.

ఇప్పుడు ఊరి బయటికి వెళ్దాం. పాత గ్రంథానికి, తవ్వకానికి మధ్య ఇంత ముచ్చటైన సంబంధం ఇంకెక్కడా నేను చూడలేదు.

సెలే నది ముఖద్వారం దగ్గర గ్రీకు పురాణవీరుడు జేసన్ స్థాపించిన హీరా ఆలయం ఉందని, అది పొసైడోనియాకు 50 స్టేడియాల దూరమని స్ట్రాబో రాశాడు. మన లెక్కలో 9 కిలోమీటర్లు. స్ట్రాబో ప్రకారం అది నదికి ఎడమ ఒడ్డున ఉండాలి. రోమన్ రచయిత ప్లినీ కూడా అదే ఆలయాన్ని చెప్పాడు, కానీ ఆయన ప్రకారం కుడి ఒడ్డున. ఇద్దరూ పెద్ద రచయితలే. పండితులు కొందరు ఇటు, కొందరు అటు. 1934లో పావోలా జాన్‌కానీ మోంతువోరో, ఉంబెర్టో జానోట్టి బియాంకో అనే ఇద్దరు ఆ చిత్తడి నేలల్లోకి దిగారు. జానోట్టి బియాంకో ముస్సోలినీకి వ్యతిరేకి, ఆయన మీద పోలీసుల నిఘా ఉండేది. దోమలు, మలేరియా సరేసరి.

ఎడమ ఒడ్డున దొరికింది. స్ట్రాబో గెలిచాడు, దూరంతో సహా.

అక్కడ ఆలయం ఏమీ నిలబడి లేదు. కానీ గోడల పైభాగాన పెట్టే చదరపు శిల్పఫలకాలు, మెటోపీలు అంటారు, సుమారు 70 దొరికాయి. గ్రీకు పురాణవీరుడు హెరాక్లీస్ సాహసాలు వాటిలో చాలా ఉన్నాయి. ఒకదానిలో హెరాక్లీస్ ఇద్దరు దొంగలను కర్రకు తలకిందులుగా కట్టి, కావడిలా భుజాన వేసుకుని పోతున్నాడు. ఇంకోదానిలో ట్రాయ్ యుద్ధవీరుడు ఎజాక్స్ తన కత్తి మీద తానే పడి చనిపోతున్నాడు. ఏ గ్రంథమూ చెప్పని శిల్పాలు. కానీ ఎక్కడ వెతకాలో చెప్పింది గ్రంథమే, మళ్ళీ తప్పుదారి పట్టించిందీ గ్రంథమే.

చివరగా ఒక పాత్ర. 1954లో సెస్టియేరి అనే పురావస్తు శాస్త్రవేత్త ఊరి మధ్యలో భూమిలోకి దింపి కట్టిన ఒక చిన్న రాతి గదిని కనిపెట్టాడు. ద్వారం లేదు. లోపల కంచు పాత్రలు ఎనిమిది, క్రీ.పూ. 6వ శతాబ్దం చివరివి. వాటిలో జిగట ముద్ద ఏదో మిగిలి ఉంది. అందరూ తేనె అనుకున్నారు. తరవాత మూడు బృందాలు వేర్వేరు కాలాల్లో పరీక్షించాయి, ఎవరికీ చక్కెర ఆనవాలు దొరకలేదు. ఏదో కొవ్వు అని తేల్చారు. తేనె అన్నది పర్యాటకుల కథ అయిపోయింది. 2025లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు కొత్త పరికరాలతో మళ్ళీ పరీక్షించారు. చక్కెరలు దొరికాయి, తేనెటీగల రాయల్ జెల్లీకి చెందిన ప్రొటీన్లు దొరికాయి. తేనెపట్టే అని వాళ్ళ నిర్ణయం. మధ్యలో చేసిన పరీక్షలు అబద్ధాలు కావు. అప్పటి పరికరానికి అంతవరకే కనిపించింది. ఆ గది మాత్రం ఎవరిదో తేలలేదు. హీరాదని సెస్టియేరి. క్రీ.పూ. 510లో నాశనమైన సిబారిస్ నగర స్థాపకుడి జ్ఞాపకార్థం కట్టిందని జాన్‌కానీ మోంతువోరో. రెండు వాదనలూ చదవదగ్గవే.

ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న (సభలోంచి): అక్కడ దానిమ్మపండు పట్టుకున్న మేరీమాత చర్చి ఉందటండీ. హీరాయే మేరీమాత అయిందంటారు, నిజమేనా?

ఉందండి. కపాచ్యో కొండ మీద. హీరా బొమ్మల చేతిలో దానిమ్మ ఉంటుంది, ఆ మేరీమాత చేతిలోనూ ఉంది. చూడగానే ముడి పెట్టాలనిపిస్తుంది, పెద్ద పండితులే పెట్టారు. కానీ మధ్యలో వందల ఏళ్ళు ఖాళీ. ఆ ఖాళీలో ఒక్క మొక్కుబడి, ఒక్క రాత దొరికితే ఒప్పుకోవచ్చు. ఎథీనా గుడి మధ్యయుగంలో చర్చిగా ఉండేదన్నది మాత్రం గట్టి సంగతి, లోపల క్రైస్తవ సమాధులున్నాయి.

ప్రశ్న: మిగతా చోట్ల రాళ్ళన్నీ పీక్కుపోయారు కదా, ఇక్కడెందుకు మిగిలాయి సార్?

స్ట్రాబో చెప్పిన ఆ చిత్తడే. దోమలకు, జ్వరాలకు జనం కొండెక్కేశారు. దగ్గరలో పెద్ద ఊరు లేకపోతే రాయి మోసేవాడూ తక్కువే. కానీ పూర్తిగా వదిలేశారనుకోకండి. 19వ శతాబ్దంలో వేసిన రోడ్డు రోమన్ ఆంఫీథియేటర్‌ను, అంటే పోటీలు జరిగే గుండ్రటి ప్రదర్శనశాలను, మధ్యకు కోసుకుంటూ పోయింది. సగం ఇప్పటికీ రోడ్డు కిందే ఉంది.

ప్రశ్న: ఇంకా తవ్వాల్సింది ఉందా?

బోలెడు. గోడల లోపల కొంత భాగమే తవ్వారు, చాలావరకు ఇప్పటికీ ప్రైవేటు పొలాలు. 2019లో పడమటి గోడ దగ్గర ఎవరికీ తెలియని చిన్న డోరిక్ గుడి ఒకటి బయటపడింది. తవ్వకంలో మట్టితో చేసిన ఎద్దు తలలు, డాల్ఫిన్ మీద కూర్చున్న ఎరోస్, అంటే గ్రీకుల మన్మథుడి, బొమ్మ దొరికాయి. కాబట్టి మూడు గుళ్ళు అని నేను గంట నుంచి చెబుతున్నది పైకి కనిపించేవాటి లెక్క మాత్రమే.